జంబలాయలో టమాటా వెయ్యాలా వద్దా? అసలుది ఏది?

కొత్తకాపురం_బేటన్‌రూజ్:
అందరికీ నమస్కారం. మేము అమెరికాలో లూయిజియానా రాష్ట్రం, బేటన్‌రూజ్ వచ్చి ఎనిమిది నెలలైంది. మొన్న మా వారి ఆఫీసులో పాట్‌లక్ (తలా ఒక వంట తెచ్చుకునే భోజనం) పెట్టుకుంటే, ఊరికి తగ్గట్టు ఉంటుందని బిర్యానీ మానేసి, ఇక్కడివాళ్ళు మాంసంతో వండే అన్నం, జంబలాయ చేసి పంపాను. నెట్‌లో దొరికిన కొలతలే. టమాటా ముక్కలు, రొయ్యలు, చికెన్, సాసేజ్ అన్నీ వేశాను, రంగు కూడా ఎర్రగా వచ్చింది. గిన్నె ఖాళీ అయింది. కానీ గొంజాలెస్‌లో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన రెండోసారి వడ్డించుకుంటూ మా వారితో "చాలా రుచిగా ఉంది, కానీ ఇది జంబలాయ కాదు, టమాటా అన్నం" అన్నారట. ఆ మాట మా పక్కింటావిడకి చెబితే ఆవిడకి కోపం వచ్చింది. ఆవిడది న్యూఆర్లీన్స్. టమాటా లేకపోతే అది డర్టీ రైస్ (కోడి కార్జం వేసి గోధుమరంగులో వండే అన్నం) అవుతుంది గానీ జంబలాయ ఎలా అవుతుందని అరగంట చెప్పారు. ఈ నెలాఖరు శనివారం ఇద్దరినీ భోజనానికి పిలిచాం. రెండు రకాలు వండే ఓపిక, గిన్నెలు రెండూ లేవు. ఏది చెయ్యను? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

బేటన్‌రూజ్_బాబాయ్:
అమ్మా, నేను ఇక్కడికి వచ్చి 19 ఏళ్ళు. ఆ పెద్దాయన చెప్పిందే నా మాట కూడా. గొంజాలెస్ మనకి అరగంట దారి. 1968లో ఆనాటి గవర్నర్ జాన్ మెక్‌కీథెన్ ఆ ఊరిని ప్రపంచ జంబలాయ రాజధాని అని ప్రకటించారు. ఏటా వసంతంలో అక్కడ జంబలాయ పండుగ జరుగుతుంది, నేను నాలుగైదుసార్లు వెళ్ళాను. కట్టెల పొయ్యి మీద ఇనప కాగులు పెట్టి, పడవ తెడ్డంత గరిటెలతో పోటీ పడి వండుతారు. అందులో టమాటా ఉండదు. రంగు గోధుమరంగు. ఆ రంగు కోడిముక్కలు కాగు అడుగున బాగా వేగి, అంటుకుని, గీకితే వచ్చిన రంగు. దీన్నే ఇక్కడి పల్లెల్లో స్థిరపడిన ఫ్రెంచి మూలాల వాళ్ళ పేరుతో కేజన్ పద్ధతి అంటారు. టమాటా వేశావంటే ఆ వేగిన రుచి మీద పులుపు కూర్చుంటుంది. ఆ పెద్దాయనకి నచ్చనిది అదే.

న్యూఆర్లీన్స్_అక్క:
బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, ఇది ఒప్పుకోను. గొంజాలెస్ వాళ్ళు వాళ్ళ ఊరి వంటని రాష్ట్రం మొత్తానికి అంటగడితే ఎలా? న్యూఆర్లీన్స్ రేవు పట్టణం. ఫ్రెంచి వాళ్ళు, స్పెయిన్ వాళ్ళు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు, అందరి వంటలూ ఇక్కడ ఒకే వీధిలో ఉడికాయి. అలా పుట్టింది క్రియోల్ వంట, అందులో జంబలాయ ఎర్రగానే ఉంటుంది. ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం మగ్గాక హామ్ గానీ సాసేజ్ గానీ వేసి, టమాటా వేసి, రొయ్యల తలకాయలు, పొట్టు మరిగించిన నీళ్ళతో అన్నం ఉడికించి, చివర్లో రొయ్యలు వేస్తారు. 12 ఏళ్ళుగా ఇక్కడ పెళ్ళిళ్ళలో, చర్చి భోజనాల్లో, చావు ఇళ్ళలో కూడా తిన్నాను. అది నకిలీ అంటే నాకు బాధగా ఉంటుంది.

పాతబస్తీ_దమ్:
నేను డాలస్‌లో ఉంటాను, లూయిజియానా రెండుసార్లే చూశాను. కానీ ఈ గొడవ నాకు బాగా తెలిసిన గొడవే. మా ఇంట్లో కచ్చి దమ్ తప్ప ఇంకేదీ బిర్యానీ కాదు, మిగతావన్నీ పులావులే. విజయవాడ నుంచి వచ్చిన మా వదిన ముందు ఆ మాట అంటే ఆ పూట భోజనం ఉండదు. మాకు కచ్చి అంటే ఫలానా పద్ధతి అని ఒక నియమం ఉంది: పచ్చి మాంసం కింద, సగం ఉడికిన బియ్యం పైన, మూత చుట్టూ పిండి. జంబలాయకి అలాంటిది ఏమైనా ఉందా? టమాటా సంగతి పక్కన పెట్టి, ఏది మానేస్తే అది ఇక జంబలాయ కాకుండా పోతుందో చెప్పండి. నాకు అది కావాలి.

చరిత్ర_పిచ్చి:
మంచి ప్రశ్న. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి. హామ్‌కి ఫ్రెంచిలో జాంబోన్, దానికి ఆఫ్రికా భాషలో బియ్యం పేరు "యా" కలిపారని ఒక కథ తిరుగుతుంది, అది తర్వాత అల్లినది. ఫ్రాన్సు దక్షిణాన ప్రొవాన్స్ ప్రాంతపు భాషలో "జంబలాయ" అనే మాట 1837లోనే అచ్చులో ఉంది. దానికి కలగలుపు అనీ, బియ్యంతో చేసే పులావు అనీ రెండర్థాలు. పులావు అంటే మన పులావే, పర్షియా నుంచి ఇటు మన దగ్గరికీ అటు మధ్యధరా తీరానికీ వెళ్ళిన మాట. అమెరికాలో సౌత్ కరోలినాలో ఇప్పటికీ పర్లూ అని ఒక కోడి అన్నం వండుతారు, అది కూడా ఆ మాట నుంచే.

ఇక టమాటా. పాత వంటపుస్తకాలు చూస్తే ఇద్దరి వాదనలూ తలకిందులవుతాయి. అచ్చయిన మొదటి వంటవిధానాల్లో ఒకటి 1878లో అలబామాలోని మొబీల్ ఊళ్ళో చర్చి ఆడవాళ్ళు వేసిన పుస్తకంలో ఉంది. అందులో అర టీ కప్పు టమాటా ఉంది, కోడి మెడ, కాళ్ళు, రెక్కల కొసలు ఉన్నాయి, రెండు డజన్ల ఆయిస్టర్లు, అంటే సముద్రపు గుల్లలు, ఉన్నాయి. తర్వాత 1885లో లాఫ్‌కాడియో హర్న్ అనే రచయిత న్యూఆర్లీన్స్ క్రియోల్ వంటల మీద వేసిన పుస్తకంలో కోడి జంబలాయ ఉంది. చూడండి, సాక్షాత్తూ న్యూఆర్లీన్స్, సాక్షాత్తూ క్రియోల్, అందులో టమాటా లేదు! కోడిని ఉడకబెట్టి, సగం ఉడికాక ఒక కప్పు పచ్చి బియ్యం, తరిగిన హామ్, ఉప్పు, మిరియాలు వేసి, ఆ పులుసంతా బియ్యం మింగేసేదాకా ఉడికించమంటాడు. అంతే. సెలరీ లేదు, క్యాప్సికం లేదు, ఆండూయీ అనే పొగబెట్టిన పంది సాసేజ్ లేదు. ఇది ఇండియన్ వంట అంటారని కూడా రాశాడు, అంటే మనం కాదు, అక్కడి ఆదివాసులు. చాలా వాటితో చేసుకోవచ్చు అని కూడా అక్కడే ఉంది.

దమ్ గారూ, మీ ప్రశ్నకి నా జవాబు ఈ రెండు పుస్తకాల్లోనే ఉంది. టమాటా ఒకదాంట్లో ఉంది, ఇంకోదాంట్లో లేదు. రెండింట్లోనూ ఉన్నది ఒక్కటే. పచ్చి బియ్యాన్ని మాంసం ఉన్న గిన్నెలోనే వేసి, ఆ నీళ్ళతోనే ఉడికించడం.

న్యూఆర్లీన్స్_అక్క:
1885 పుస్తకంలో టమాటా లేదంటే ఈనాటి మా అమ్మమ్మల వంట తప్పయిపోదు కదండీ. ఇంకో విషయం, ఆఫ్రికా సంగతి మీరు రాయలేదు. సెనెగల్‌లో చేపలతో చేసే చెబుజెన్, పశ్చిమాఫ్రికా అంతా వండే జొలోఫ్ అన్నం ఒకసారి తిని చూడండి, అవీ ఎర్రగానే ఉంటాయి, అవీ ఒకే గిన్నెలో బియ్యం ఉడికేవే. 1719లో మొదటి బానిస ఓడలు లూయిజియానాకి వచ్చినప్పుడు వరి పండించడం తెలిసినవాళ్ళని, విత్తనాల వడ్లతో సహా ఏరి తెమ్మని ఆ ఓడల కెప్టెన్లకి చెప్పి పంపారు. ఈ నేలలో వరి వాళ్ళ చేతుల మీదే లేచింది. ఆ మాట చెప్పకుండా ప్రొవాన్స్ అంటూ మొదలుపెడితే నాకు మనసు ఒప్పదు. ఆ ఇళ్ళల్లో పొయ్యి దగ్గర నిలబడిందెవరు?

చరిత్ర_పిచ్చి:
అక్కా, మీరన్నది నిజం, అది నేను ముందే రాయాల్సింది. పేరు ప్రొవాన్స్‌ది కావచ్చు, చెయ్యి మాత్రం వాళ్ళది. స్పెయిన్ పాలన కూడా ఇక్కడ దాదాపు 40 ఏళ్ళు సాగింది కాబట్టి స్పెయిన్ వాళ్ళ బియ్యం వంట పయేలా నుంచి వచ్చిందని, కుంకుమపువ్వు దొరక్క టమాటాతో రంగు తెచ్చారని చాలామంది చెబుతారు. నాకు ఆ కథ మీద అంత నమ్మకం లేదు. పయేలా వెడల్పాటి పళ్ళెంలో మూత లేకుండా వండుతారు. ఇది లోతు గిన్నెలో మూత పెట్టి వండేది.

బేటన్‌రూజ్_బాబాయ్:
చరిత్ర బాగుంది బాబూ. కానీ కేజన్ల సంగతి కూడా ఒక్క ముక్క. వాళ్ళు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో ఉండే ఫ్రెంచి రైతులు. 1755 నుంచి బ్రిటిష్ వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి తరిమేస్తే చాలామంది ఇక్కడి చిత్తడి నేలల్లోకి చేరారు. దొరికిన కోడి, పంది, వేటమాంసం, ఒక ఇనప గిన్నె, అదీ వాళ్ళ వంట. బీదతనంలో నుంచి వచ్చిన రుచి అది, అందుకే నాకు అంత ఇష్టం. నేను ఎర్రదాన్ని నకిలీ అనను, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ బేటన్‌రూజ్‌లో, గొంజాలెస్ మనిషికి పెడుతున్నప్పుడు గోధుమరంగుదే పెట్టాలంటాను.

హ్యూస్టన్_పద్దు:
నాకు ఎరుపా గోధుమరంగా అన్నదానికంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. మా ఊళ్ళో ఒక హోటల్లో జంబలాయ అని తెస్తే, తెల్లన్నం విడిగా వండి, పైన ఎర్రటి సాస్, దాంట్లో నాలుగు రొయ్యలు. 22 డాలర్లు! అన్నానికి రుచే లేదు. అడిగితే మా పద్ధతి ఇదే అన్నారు. అన్నం మీద పోసుకుని తినేవి గంబో, ఎటూఫే. వాటికి ఆ పద్ధతి సరైనదే. జంబలాయకి కాదు. పులిహోర అడిగితే తెల్లన్నం, పక్కన గిన్నెలో చింతపండు పులుసు పెట్టినట్టుంది.

పాతబస్తీ_దమ్:
పద్దు గారు చెప్పినదాంతో నాకు పూర్తిగా అర్థమైంది. ఇక నా లెక్కలో నియమం అదే. అన్నం విడిగా వండితే జంబలాయ కాదు.

గోదారోడు:
అంత గట్టిగా చెప్పకండి అన్నా. మాంసం విడిగా, అన్నం విడిగా వండి చివర్లో కలిపేదాన్ని వైట్ జంబలాయ అంటారు. బియ్యం బదులు స్పగెట్టీ వేసి పాస్తలాయ అని కూడా చేస్తారు, పిల్లలు బాగా తింటారు.

బేటన్‌రూజ్_బాబాయ్:
పాస్తలాయకి వేరే పేరు పెట్టుకున్నారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. వైట్ జంబలాయ మాత్రం పని తొందరలో పుట్టినది, నేను తిన్నాను, అన్నానికి లోపల ఏమీ పట్టదు.

క్యాటరింగ్_మావయ్య:
రాజమండ్రి నుంచి రాస్తున్నా. మా అబ్బాయి లేక్ చార్లెస్‌లో ఉంటే వెళ్ళి ఆరు నెలలు ఉండొచ్చాను, వాళ్ళ పొరుగాయన దగ్గర నిలబడి మూడుసార్లు చూసి, రెండుసార్లు నేనే వండాను. మీరు ఇంతసేపు దేశాల గురించి మాట్లాడారు గానీ ఎసరు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. జంబలాయ అంటే అత్తెసరు అన్నం. వార్చడం లేదు, మిగలడం లేదు. పోసిన నీళ్ళన్నీ బియ్యమే తాగాలి. కొత్తకాపురం అమ్మాయీ, నువ్వు ఇలా చెయ్యి.

అడుగు మందంగా ఉన్న ఇనప గిన్నె కావాలి. నాన్‌స్టిక్ అసలు వద్దు, అడుగంటకపోతే రంగెక్కడిది? కిలో చికెన్ తొడముక్కలు తడి లేకుండా తుడిచి, ఉప్పు, మిరియాలు, మిరపపొడి పట్టించి, కొద్ది కొద్దిగా వేసి వేయించు. అన్నీ ఒకేసారి పోస్తే నీళ్ళు ఊరి ఉడుకుతాయి, వేగవు. కదపకుండా వదిలెయ్, అడుగున ముదురు గోధుమరంగు పొర కట్టాలి. నల్లగా మాడితే మాత్రం చేదు, మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ముక్కలు తీసి, అరకిలోకి కాస్త తక్కువ సాసేజ్ చక్రాలు కూడా అలాగే వేయించు. తర్వాత మూడు పెద్ద ఉల్లిపాయలు, రెండు సెలరీ కాడలు, ఒక క్యాప్సికం. ఉల్లిపాయలో ఊరే నీటితోనే ఆ అడుగు పొర వదులుతుంది, చెక్క గరిటెతో గీకుతూ ఉండు. సగం కూడా వదలకపోతే రెండు చెంచాల నీళ్ళు చల్లు. ఉల్లిపాయ కరిగిపోయేదాకా మగ్గాలి, ఇక్కడ తొందరపడితే ఇంక ఏం చేసినా రుచి రాదు. వెల్లుల్లి చివర్లో.

మాంసం మళ్ళీ వేసి, మూడు కప్పుల బియ్యానికి ఐదున్నర కప్పుల చికెన్ ఉడికించిన నీళ్ళు పోసి మరిగించు. ఇప్పుడు రుచి చూడు. నోటికి కాస్త ఉప్పగా, కాస్త కారంగా అనిపించాలి, ఎందుకంటే బియ్యం రెండింటినీ లాగేస్తుంది. అప్పుడు బియ్యం వేసి, ఒక పొంగు వచ్చి గింజలు ఉబ్బి పైకి కనబడగానే సెగ బాగా తగ్గించి మూత పెట్టు. 25 నిమిషాలు. మధ్యలో ఒక్కసారి అడుగు నుంచి పైకి తిరగెయ్, కలపకు. కలిపితే గింజ విరిగి ముద్దవుతుంది. దించాక పది నిమిషాలు మూతతోనే ఉమ్మగిల్లనివ్వు, ఉల్లికాడలు చల్లు.

టమాటా వేసేవాళ్ళకి ఒకటే మాట, ఎంత టమాటా రసం పోస్తే అంత ఎసరు తగ్గించాలి. ఎర్ర జంబలాయ ముద్దగా వచ్చిందని ఏడ్చేవాళ్ళు చాలామంది ఆ లెక్క మర్చిపోయినవాళ్ళే.

శాకాహారి_గుంటూరు:
మావయ్య గారూ, బియ్యం ఏది? సోనా మసూరి పనికొస్తుందా? ఇంకా, మాంసం లేకుండా చేస్తే మీరంతా దాన్ని జంబలాయ అని ఒప్పుకుంటారా?

క్యాటరింగ్_మావయ్య:
సోనా మసూరి వద్దమ్మా, మెత్తబడిపోతుంది. బాస్మతి వాసన దీనికి అడ్డం. అమెరికాలో దొరికే మామూలు పొడుగు గింజ బియ్యం చాలు. మొదటిసారి భయంగా ఉంటే వాళ్ళ పార్‌బాయిల్డ్ బియ్యం, అంటే మన ఉప్పుడు బియ్యం లాంటిది, తీసుకో. ఎసరు కొంచెం అటూఇటూ అయినా గింజ నిలబడుతుంది. శాకాహారానికి పుట్టగొడుగులు బాగా వేయించి చెయ్యి, అవి కూడా అడుగున రంగు కడతాయి. వంకాయ కూడా. పేరు సంగతి నాకు తెలియదు, రుచిగా మాత్రం ఉంటుంది.

న్యూఆర్లీన్స్_అక్క:
శాకాహారి గారూ, నేనైతే ఒప్పుకుంటాను. ఈస్టర్ ముందు ఉపవాసాల కాలం, లెంట్ రోజుల్లో ఇక్కడ శుక్రవారాలు మాంసం మానేసి రొయ్యలు, ఆయిస్టర్లతో చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, దాన్ని ఎవరూ వేరే పేరుతో పిలవరు. ఒకటి మాత్రం చెయ్యకండి, గరం మసాలా వెయ్యకండి. మన ఇళ్ళల్లో ఇది చాలా చూస్తున్నాను. లవంగం, యాలకులు పడగానే అది పులావు రుచిలోకి వెళ్ళిపోతుంది, పొగబెట్టిన సాసేజ్ వాసన చచ్చిపోతుంది.

గోదారోడు:
గరం మసాలా మీద ఇంత కోపమెందుకక్కా? మీరే కదా అందరి వంటలూ ఒకే వీధిలో ఉడికాయన్నారు. రేపు మన వాళ్ళు 50 ఏళ్ళు అక్కడే ఉంటే మన చెయ్యి కూడా పడుతుంది.

న్యూఆర్లీన్స్_అక్క:
పడనీ తమ్ముడూ, పడాలి కూడా. కానీ ముందు వాళ్ళు వండినట్టు వండి, ఆ రుచి నాలుక మీద నిలిచాక మన చెయ్యి వేద్దాం. ఇంకొకరి ఇంటి వంటని తెలుసుకోకముందే సరిదిద్దడం నాకు నచ్చదు. మన గోంగూరలో ఎవరైనా మొదటిరోజే చీజ్ వేస్తే మనకెలా ఉంటుంది?

కొత్తకాపురం_బేటన్‌రూజ్:
శనివారం అయిపోయింది, ఎలా జరిగిందో మీకు చెబుదామని కూర్చున్నాను. మావయ్య గారు చెప్పినట్టే చేశాను, టమాటా లేకుండా. మా అత్తయ్య పంది మాంసం తినరు కాబట్టి ఆండూయీ బదులు పొగబెట్టిన టర్కీ సాసేజ్ వేశాను. మొదటి వాయి చికెన్ కొంచెం ఎక్కువ వేసేసి నీళ్ళు ఊరాయి, బయటికి తీసి మళ్ళీ వేయించాను. ఉల్లిపాయ వేశాక అడుగు వదిలి గిన్నెలో ఉన్నదంతా ఒక్కసారి గోధుమరంగులోకి మారిపోయింది. ఆ రంగు చూస్తూ స్టవ్ దగ్గరే నిలబడిపోయాను.

గొంజాలెస్ పెద్దాయన మొదటి ముద్దకి ఏమీ అనలేదు. తర్వాత గిన్నె దగ్గరికి వెళ్ళి గరిటెతో అడుగు తిప్పి చూసి, ఇది ఇక్కడ ఎవరు నేర్పారు అని అడిగారు. రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన నేర్పారని చెప్పాను! అది ఎక్కడుందని ఫోన్‌లో మ్యాప్ తీయించుకుని గోదావరిని చూశారు.

పక్కింటావిడ రెండుసార్లు పెట్టించుకుని, ఇది పల్లెటూరి జంబలాయ, బాగుంది అన్నారు. ఆ తర్వాత చెప్పిన మాట మీ అందరికీ చెప్పాలి. వాళ్ళమ్మ టమాటా ముక్కలు పోసేది కాదట. ఒక్క చెంచా టమాటా పేస్ట్ ఉల్లిపాయలతో పాటు వేసి, ఎరుపు పోయి ఇటుకరంగు వచ్చేదాకా వేయించేదట. ముక్కలు పోయడం వీళ్ళ తరంలో మొదలైందట. పెద్దాయన అది విని, ఒక చెంచా అయితే మా అమ్మ కూడా చూసీచూడనట్టు ఊరుకునేది అన్నారు.

బేటన్‌రూజ్_బాబాయ్:
ఒక చెంచా అయితే నేనూ ఏమీ అనను. చాలా సంతోషం అమ్మా.

న్యూఆర్లీన్స్_అక్క:
ఆ పేస్ట్ సెలరీ మగ్గాక వేసేదా, ముందా? ఆవిడని అడిగి చెప్పవా?

కొత్తకాపురం_బేటన్‌రూజ్:
అడిగానక్కా. నోటితో చెబితే రాదు, వచ్చి చూడు అన్నారు. వచ్చే ఆదివారం వాళ్ళింట్లో నన్ను పక్కన నిలబెట్టుకుని వండుతారట. రొయ్యల పొట్టు ఇప్పటినుంచే ఫ్రీజర్‌లో దాచిపెట్టమన్నారు.